రొట్ట కొట్టే పద్ధతి: గట్టు చెట్ల నుంచి మేత, వంటచెరకు

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, మహిళా సభ్యుల సమావేశంలో మేత విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము కొత్త గడ్డి విత్తనం గురించి గాని, దాణా ధర గురించి గాని మాట్లాడబోవడం లేదు. మీ పొలం గట్ల మీద, దొడ్డి చుట్టూ, బావి దగ్గర ఇప్పటికే నిలబడి ఉన్న చెట్ల గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. వాటి కొమ్మలు మనం ఏటా కొడుతూనే ఉన్నాము. ఆకు పశువుకు పోతుంది, పుల్ల పొయ్యిలోకి పోతుంది. ఇది తాత ముత్తాతల నాటి పని, దీనిని నేర్పడానికి పట్నం నుంచి ఎవరో రావాలా అని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోవడంలో తప్పు లేదు. కాని గ్రామాలలో తిరుగుతున్నప్పుడు మాకు కనిపిస్తున్నది ఏమిటంటే, ఒకప్పుడు వరుసగా చెట్లున్న గట్ల మీద ఇప్పుడు మోడులు మిగిలి ఉన్నాయి. వాటిలో కొన్ని వ్యాపారికి అమ్ముడుపోయినవి. మిగిలినవి ఎవరూ అమ్మకుండానే, మొదలు నరకకుండానే, కేవలం కొమ్మలు కొట్టిన తీరు వల్ల ఎండిపోయినవి. ఈ రెండో రకం నష్టం పూర్తిగా మన చేతిలో ఉన్నది గనుక ముందుగా దాని సంగతి చూద్దాం.

చెట్టు ఆకు పాడి పశువుకు ఎందుకు అవసరమో మొదట చెప్పుకోవాలి. మనలో ఎక్కువ మంది ఇళ్లలో ఎండుమేత అంటే వరిగడ్డి. మెట్ట ప్రాంతాలలో జొన్న చొప్ప. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 వంతులకు మించవు. గేదె పెద్దపొట్టలో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలోని పీచును అరిగించేది నిజానికి అవే. వాటికి తగినంత నత్రజని అందకపోతే పని మందగిస్తుంది, గడ్డి పొట్టలోనే ఎక్కువ సేపు ఉండిపోతుంది, పశువు తినవలసినంత తినదు. బయట నుంచి చూస్తే పొట్ట నిండుగానే ఉంటుంది, డొక్కలు మాత్రం ఎండుతూ ఉంటాయి. సుబాబుల్, అవిశె, గ్లిరిసిడియా వంటి చెట్ల ఆకులో, తేమ తీసివేసి లెక్క కడితే, మాంసకృత్తులు నూటికి 20 వంతులకు పైగా ఉంటాయి. వరిగడ్డితో పాటు ఈ ఆకు కొంత వేస్తే ఆకు బలం ఒక్కటే కాదు, ఆ గడ్డి కూడా ఎక్కువగా ఒంటబడుతుంది.

వేసవిలో పాలు తగ్గడానికి మేత ఒక్కటే కారణమని మేము చెప్పము. మన గేదెలు ఎక్కువ భాగం వానకాలం చివర, చలికాలంలో ఈనుతాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి వాటి పాడి సహజంగానే దిగుముఖం పడుతుంది. ఎండ దెబ్బ కూడా ఉన్నది. అయినా ఆ మూడు నెలలు ఒట్టి గడ్డి మీద నెట్టుకొచ్చిన పశువు చిక్కిపోయి, సరైన కాలానికి ఎదకు రాదు. ఎద తప్పితే చూడి ఆలస్యం, చూడి ఆలస్యమైతే ఈత ఆలస్యం. నష్టం కనిపించేది ఆ వేసవిలో కాదు, మరుసటి ఏడాది పాల పుస్తకంలో. మార్చి నుంచి జూన్ దాకా నేల మీద పచ్చన లేని రోజులలో లోతుకు వేళ్లు పోయిన చెట్టు మీద మాత్రమే పచ్చన ఉంటుంది. మెట్ట రైతుకు చెట్టు విలువ అక్కడ ఉన్నది.

అయితే అదే కాలంలో చెట్టు కూడా కష్టంలో ఉంటుంది. ఇక్కడే చిక్కు.

చెట్టు తన ఆకులలో తయారు చేసుకున్న ఆహారంలో కొంత మానులో, వేళ్లలో దాచుకుంటుంది. కొమ్మ కొట్టిన తరువాత వచ్చే చిగురు ఆ నిల్వ మీదనే వస్తుంది. చిగురు విచ్చి, ఆకు ముదిరి, ఎండలో పని మొదలు పెట్టేదాకా చెట్టు అప్పు తింటున్నట్టే లెక్క. ఆకు ముదిరిన తరువాత కొన్ని వారాలకు గాని ఆ అప్పు తీరదు. అప్పు తీరకముందే మళ్లీ కొడితే మళ్లీ నిల్వలోంచి తీయాలి. రెండు మూడు సార్లు ఇలా జరిగితే వేళ్లు చావడం మొదలవుతుంది. పైకి చిగురు వస్తూనే ఉంటుంది గనుక మనకు తెలియదు. ఒక ఏడాది వాన ఆలస్యమైనప్పుడు చెట్టు నిలువునా ఎండుతుంది, మనం వాన లేక పోయిందనుకుంటాము.

పాడి పశువుల విషయంలో ఈ సంగతి మీకు బాగా తెలుసు. చూడి గేదెను ఈనే రోజు దాకా పితకము. కనీసం రెండు నెలలు వట్టిపోనిచ్చి, మేపి, ఈతకు సిద్ధం చేస్తాము. అలా వదలకపోతే వచ్చే ఈత పాడి పాడవుతుందని చిన్న పిల్లలను అడిగినా చెబుతారు. చెట్టుకు కూడా వట్టిపోయే కాలం ఒకటి ఇవ్వాలి.

ఎంత కొట్టాలి? గట్టు మీద విడిగా పెరిగిన వేప, తుమ్మ, దిరిసెన వంటి చెట్లకు తలలో మూడో వంతు ఆకు తప్పకుండా ఉంచాలి. ఆ ఉంచే భాగం పైన, నడిమి కొమ్మ చుట్టూ ఉండాలి. కింది కొమ్మలు, పక్క కొమ్మలు తీసుకోవచ్చు. దోటితో కింద నిలబడి అందినంత లాగేవారు సాధారణంగా ఒక్క పక్కనే బోసి చేస్తారు. అలా చేస్తే చెట్టు బరువు ఒక వైపుకు ఒరిగి గాలికి విరుగుతుంది. చుట్టూ సమంగా తీయాలి. పిడికెడు ఆకు గొడుగులా నెత్తిన ఉంచి తక్కినదంతా చెక్కేసిన చెట్లు రోడ్ల వెంబడి చూస్తూనే ఉన్నాము. అవి బతికి ఉన్నాయి గాని బలపడడం లేదు. కాయ కాయవు, గింజ రాలవు, వాటి కింద కొత్త మొక్క లేవదు. హిమాలయ ప్రాంతాలలో పశువుల మేతకు సింధూర జాతి చెట్లను ఏటా ఇలాగే చెక్కి చెక్కి కొండవాలులను బోసి చేసుకున్న ఊళ్లు ఉన్నాయి. అక్కడి స్త్రీలు ఆకు కోసం ఇప్పుడు దూరపు కొండలు ఎక్కవలసి వస్తున్నది.

సుబాబుల్, గ్లిరిసిడియా మాత్రం వేరే జాతి మనుషులు అనుకోండి. వాటిని పూర్తిగా తల తీసినా చిగురిస్తాయి. వాటిని రెండు విధాలుగా పెంచవచ్చు. కంచెలాగా దగ్గర దగ్గరగా వేసి మోకాటి పైన, నడుముకు లోపుగా కోస్తూ పోవడం ఒకటి. మానుగా పెంచి మనిషి చేయెత్తు దగ్గర, అంటే 6, 7 అడుగుల ఎత్తున తల తీయడం మరొకటి. మేకలు, గొర్రెలు తిరిగే చోట రెండో పద్ధతే మేలు, ఎందుకంటే చిగురు వాటి నోటికి అందదు. కింద పంటకు కూడా గాలి, వెలుతురు ఆడుతుంది. తల తీయదలచుకుంటే చెట్టు మణికట్టు లావున ఉన్నప్పుడే మొదలు పెట్టాలి. ఇరవై ఏళ్లు హాయిగా పెరిగిన వేపను గాని, నల్లతుమ్మను గాని ఒక్కసారిగా తల నరికితే తట్టుకోవడం కష్టం. నల్లతుమ్మ మొదలంటా నరికితే సరిగా చిగురించదన్న సంగతి మీకు అనుభవమే. ముదురు చెట్టును దారికి తేవాలంటే రెండు మూడేళ్లలో కొంచెం కొంచెంగా తీయాలి.

ఏటా ఒకే చోట కోస్తూ పోతే ఆ చోట ముడి కడుతుంది. బుడిపె లాగా ఉంటుంది, చూడడానికి బాగుండదు. కొందరు చూపుకు బాగాలేదని ఆ ముడి కింద నుంచి నరుకుతారు. దయచేసి అలా చేయవద్దు. మరుసటి ఏడాది చిగురించే కళ్లన్నీ ఆ ముడిలోనే నిద్రపోతూ ఉంటాయి. ముడికి ఒక అంగుళం పైన కోయాలి. ఇంకొక మాట కూడా ఉన్నది. తల తీయడం మొదలు పెట్టిన చెట్టును మధ్యలో పదేళ్లు వదిలేయకూడదు. ముడి మీద నుంచి వచ్చిన కొమ్మలకు మానులో గట్టి పట్టు ఉండదు. అవి లావెక్కితే వాటి బరువుకే మాను చీలుతుంది. ఐరోపా దేశాలలో పూర్వం చలికాలపు మేత కోసం, బొగ్గు కోసం ఇలాగే తలలు తీసి పెంచిన చెట్లు వేలాదిగా ఉండేవి. నేల బొగ్గు, గడ్డి పొలాలు వచ్చాక వాటిని పట్టించుకునేవారు లేక చాలా చెట్లు నిలువునా చీలాయి. మనం వాటి నుంచి నేర్చుకోవచ్చు.

కోసే తీరు గురించి. మన వాళ్లలో చాలామంది గొడ్డలితో పై నుంచి రెండు దెబ్బలు వేసి, కొమ్మను పట్టుకుని వేలాడతారు. కొమ్మ ఊడి వస్తుంది, దానితో పాటు మాను మీది బెరడు జానెడు పొడవున చీరుకుని వస్తుంది. ఆ చీరిన చోట నీరు దిగుతుంది, పురుగు చేరుతుంది, అక్కడి నుంచే తొర్ర మొదలవుతుంది. చేయవలసినది ఇంతే: ముందు కొమ్మ అడుగు భాగాన, మానుకు జానెడు దూరంలో, మూడో వంతు లోతుకు ఒక గాటు పెట్టాలి. తరువాత దానికి కొంచెం బయటగా పై నుంచి కోయాలి. కొమ్మ బరువు దిగిపోతుంది, బెరడు చీరదు. అప్పుడు మిగిలిన ముక్కను మాను దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మెడను ముట్టకుండా, దాని పక్కనే ఏటవాలుగా తీసివేయాలి. ఆ మెడ నుంచే గాయం పూడుకుంటుంది. రంపం దొరికితే రంపం, లేకపోతే బాగా సాన పట్టిన కొడవలి. మొద్దు కత్తితో పది దెబ్బలు వేయడం కంటే, కత్తి నూరుకోవడానికి పావుగంట పోయినా మేలు. గాయానికి పేడ పూయాలా అని చాలామంది అడుగుతుంటారు. అవసరం లేదు. శుభ్రంగా కోసిన గాయం తనంతట తానే పూడుతుంది.

విద్యుత్తు తీగల కింద, పక్కన ఉన్న చెట్టు ఎక్కవద్దు, ఇనుప గొట్టపు దోటి వాడవద్దు. పచ్చి కొమ్మ తీగకు తగిలినా ప్రమాదమే. లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించిన తరువాతే అక్కడ చేయి పెట్టాలి. మేత కోసం మనిషి ప్రాణం పోగొట్టుకోకూడదు.

ఇక కాలం. మనం దసరా నాడు ఆకు పంచుకునే జమ్మి చెట్టు మీకు తెలుసు. 2014లో తెలంగాణ దానిని రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నది. రాజస్థాన్‌కు కూడా అదే రాష్ట్ర వృక్షం, అక్కడ దానిని ఖేజ్రీ అంటారు. మనం పూజించి వదిలేస్తాము, వారు పూజించి పశువులను మేపుతారు. సజ్జ చేలలో జమ్మి చెట్లను ఉంచుకుని, వానకాలపు పంట ఇంటికి చేరాక, నవంబరు, డిసెంబరు నెలలలో కొమ్మలు కొడతారు. ఆకును ఎండబెట్టి రాల్చి నిల్వ చేస్తారు. దానిని లూంగ్ అంటారు. పుల్ల పొయ్యికి, ముళ్లకొమ్మ కంచెకు పోతుంది. వాన తక్కువ పడే ఆ ఎడారి జిల్లాలలో ఎండాకాలపు మేత చలికాలంలోనే ఇంటికి చేరుతుందన్న మాట. వానకాలమంతా పనిచేసిన చెట్టు ఆ సమయానికి నిల్వ చేసుకుని ఉంటుంది గనుక కోతను తట్టుకుంటుంది.

మనం కూడా ఇదే పద్ధతి పట్టుకోవచ్చు. మీ దగ్గర ఒక పదిహేను చెట్లు ఉన్నాయనుకోండి. వాటిని మూడు వాటాలు చేయండి. ఒక వాటా చెట్లను నవంబరు, డిసెంబరులలో కొట్టి ఆకును నీడన ఆరబెట్టి నిల్వ చేయండి. రెండో వాటా వేసవి కోసం ఉంచి, మార్చి నుంచి మే దాకా చెట్టుకు రెండు మూడు కొమ్మల చొప్పున మాత్రమే తీయండి. మూడో వాటాను ఆ ఏడాది అసలు ముట్టవద్దు. మరుసటి ఏడాది వాటాలు మార్చండి. ఏ చెట్టు ఏ వాటాదో మరిచిపోకుండా మానుకు సున్నం బొట్టు పెట్టుకుంటే చాలు. ఒకటి, రెండు, మూడు బొట్లు. ఈ పద్ధతిలో ఏ ఒక్క ఏడాదీ అత్యధికంగా ఆకు రాదు, ఒప్పుకుంటాము. ఏటా వస్తుంది. వేపకు మాత్రం ఒక సవరణ చెప్పాలి. ఫిబ్రవరి, మార్చిలో వేప పాత ఆకు రాల్చి కొత్త చిగురు, పూత వేస్తుంది. అప్పుడు అస్సలు కొట్టకూడదు. చిగురు ముదిరిన తరువాత కొద్దిగా తీసుకోవచ్చు. జూన్, జూలైలలో రాలే వేపపండ్లు కూడా నాలుగు రూపాయలు తెచ్చిపెడతాయి గదా.

సుబాబుల్, అవిశె ఆకు ఎండితే రెమ్మ నుంచి పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి నేల మీద గాక పట్టా మీదనో, పాత గోనె సంచుల మీదనో ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో వేస్తే రంగు, సత్తువ రెండూ పోతాయి. నీడన రెండు మూడు రోజులకు ఆకు గలగలలాడుతుంది. అప్పుడు సంచులకెత్తి తేమ తగలని చోట పెట్టాలి. బూజు పట్టిన ఆకును పశువుకు వేయవద్దు, పెంటకు వేయండి.

ఒక్కొక్క చెట్టు గురించి కొంచెం చెబుతాము. అన్నిటి గురించి చెప్పడానికి ఈ పూట చాలదు.

అవిశె ఆకును గేదె ఎంతో ఇష్టంగా తింటుంది. గుంటూరు జిల్లాలో తమలపాకు తోటలు వేసేవారు తీగను అవిశె మీదకు పాకించి, నీడ ఎక్కువైనప్పుడు తీసిన కొమ్మలను పశువులకు వేయడం మీలో కొందరు చూసే ఉంటారు. త్వరగా ఎదుగుతుంది, నీరు ఉన్న చోట బాగుంటుంది. కాని దానికి ఆయుష్షు తక్కువ, ఓర్పు ఇంకా తక్కువ. మళ్లీ మళ్లీ పూర్తిగా కోస్తే చస్తుంది. పక్క కొమ్మలు మాత్రమే తీస్తూ, రెండు మూడేళ్లకొకసారి పక్కన కొత్త గింజ వేస్తూ ఉండాలి.

సుబాబుల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1970లలో మహారాష్ట్రలోని బైఫ్ సంస్థ హవాయి రకాలను తెచ్చి ప్రచారం చేసింది. 1980లలో దీనిని పొగడని వ్యవసాయ సభ లేదు. 1988లో చిగురు పీల్చే సిల్లిడ్ అనే చిన్న పురుగు మన దేశంలో ప్రవేశించి తోటలను దెబ్బ తీయగానే అదే సభలలో తిట్టడం మొదలు పెట్టారు. పొగడ్త, తిట్టు రెండూ ఎక్కువే అని మా అభిప్రాయం. ఇప్పుడు ప్రకాశం, గుంటూరు, కృష్ణా ప్రాంతాలలో కాగితపు మిల్లుల కోసం దీనిని ఎకరాల కొద్దీ వేస్తున్నారు. అక్కడ కోత కోసిన రోజున ఆకు, లేత కొమ్మ పొలంలోనే పడి ఎండిపోతూ ఉంటుంది. ఆ చుట్టుపక్కల సంఘాల సభ్యులు కోత తేదీ కనుక్కుని, తోట యజమానితో మాట్లాడుకుని ఆ ఆకు తెచ్చుకోవచ్చు.

సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే విష పదార్థం ఉన్నది. గుర్రానికి, పందికి పెడితే వెంట్రుకలు రాలతాయి. నెమరు వేసే పశువులకు కూడా ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో పెడితే చేటే. ఆస్ట్రేలియాలో ఈ ఆకు తిన్న పశువులు జబ్బు పడుతుండగా, హవాయిలోని మేకలు అదే తిని హాయిగా ఎలా ఉన్నాయని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఆలోచించారు. వాటి పెద్దపొట్టలో ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవి ఉన్నదని 1980ల తొలి సంవత్సరాలలో తేల్చి, దానిని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. తరువాత 1992లో ఆ సూక్ష్మజీవికి ఆయన పేరు కలిసేటట్టు నామకరణం చేశారు. మన పశువుల పొట్టలలో అటువంటివి ఉన్నా లేకపోయినా, సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడో వంతుకు మించకుండా చూసుకుంటే భయపడనక్కరలేదు. చూడి పశువులకు ఇంకా తగ్గించడం మంచిది.

గ్లిరిసిడియా ఆకుకు ఒక వాసన ఉంటుంది, మొదటి రోజు గేదె మూతి తిప్పుకుంటుంది. కోసిన ఆకును ఒక పూట వాడనిచ్చి, చొప్పతో కలిపి, కొంచెం ఉప్పునీళ్లు చల్లి వేయండి. వారం పది రోజులలో అలవాటు పడుతుంది. అలవాటు పడలేదని రెండు రోజులకే మానేసినవారు ఎంతోమంది.

ఏ ఆకైనా మొదట కిలోతో మొదలు పెట్టి, పది రోజులలో పెద్ద పశువుకు 5, 6 కిలోల దాకా పెంచుకోవచ్చు. పాలు తీసిన తరువాతే వేయాలి. పితికే ముందు సుబాబుల్, వేప వంటివి వేస్తే పాలకు వాసన పట్టే అవకాశం ఉన్నది, కేంద్రంలో పాలు వాపసు వస్తే ఆ మాట పడేది మీరే. గన్నేరు కొమ్మ మోపులో పొరపాటున కూడా కలవకూడదు. దాని ఆకు కొద్దిగా తిన్నా పశువు దక్కదు. సర్కారు తుమ్మ ఆకు ఎలాగూ పశువులు తినవు, దాని కాయలు మాత్రం తీపిగా ఉంటాయని ఎగబడి తింటాయి. నెలల తరబడి అవే మేతగా తింటే దవడలు పడిపోతాయి. మితంగా, దంచి పెట్టాలి. దంచితే గింజ పేడలో పడి మొలిచే బెడద కూడా తప్పుతుంది.

ఇప్పటిదాకా ఆకు గురించి చెప్పాము. పుల్ల గురించి చెప్పవలసినది సోదరీమణులకు మా కంటే ఎక్కువ తెలుసు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి చాలా ఇళ్లకు గ్యాసు చేరింది. అయినా కాగులో నీళ్లు, పశువుల ఉలవలు, పండుగ వంటలు కట్టెల మీదనే. సిలిండరు అయిపోయిన వారం మొత్తం కట్టెల మీదనే. కొమ్మలను నేల మీద పారేయకుండా గుంజకు తలకిందులుగా కట్టి వేలాడదీస్తే పశువు ఆకును శుభ్రంగా తింటుంది, తొక్కి పాడు చేయదు. సాయంత్రానికి వేలు లావు, బొటనవేలు లావు పుల్లలు చేతికి వస్తాయి. వాటిని గొడ్డలితో చీల్చే పని లేదు. వేసవిలోనే కట్టలు కట్టి, నేలకు జానెడు ఎత్తున, వాన తగలని చోట పేర్చి ఆరనిస్తే వానకాలానికి ఎండు పుల్ల సిద్ధంగా ఉంటుంది. పచ్చి పుల్ల పొగకు కళ్లు పోగొట్టుకోవడం అనవసరం.

మరి వ్యాపారి సంగతి. ఎండలు ముదరగానే ఇటుక బట్టీల వారు, బొగ్గు కాల్చేవారు ఊళ్లలోకి వస్తారు. బేరం ఇంటాయనతో రచ్చబండ దగ్గర జరుగుతుంది. చెట్టు కొమ్మ తెచ్చి గేదెకు వేసేది, పుల్ల ఏరి పొయ్యిలో పెట్టేది ఇల్లాలు. ఆమెకు తెలిసేది రంపం చప్పుడు విన్నాక. మేము ఒక కోరిక కోరుతున్నాము. బేరానికి ముందు ఆ చెట్టు ఏమిస్తున్నదో ఒకసారి తూచి చూడండి. సంఘంలో తక్కెడ ఉన్నది. ఒక చెట్టు నుంచి ఒక కోతలో ఎన్ని కిలోల ఆకు వచ్చింది, ఎన్ని కట్టల పుల్ల వచ్చింది పాల పుస్తకం చివరి పేజీలో రాసుకోండి. ఆ ఆకు లేకపోతే ఎన్ని కిలోల తవుడు, చెక్క అదనంగా కొనవలసి వచ్చేదో మీ ఊరి ధరకు కట్టుకోండి. రెండేళ్ల లెక్క ఒక పక్క, వ్యాపారి ఇచ్చే ధర ఒక పక్క పెట్టి చూడండి. అమ్మడమే లాభమని తేలే చెట్లు ఉంటాయి, ముసలివి, తొర్ర పడినవి, పంటను బాగా దెబ్బ తీసేవి. అటువంటివి అమ్ముకోవడానికి మాకు అభ్యంతరం లేదు. కాని ఆ లెక్క వేసేటప్పుడు ఇంట్లో పాలు పితికే మనిషి పక్కన కూర్చుని ఉండాలి. చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి సంగతి కూడా ముందే విచారించుకోవాలి.

గట్టు చెట్టు అనగానే పక్క పొలం వారితో తగాదా కూడా గుర్తుకు వస్తుంది. నీడ అవతలి చేనులో పడుతున్నదని వారి బాధ, అది నిజమైన బాధే. వానకాలపు విత్తనానికి ముందు, మే చివరన, అవతలి వైపు కొమ్మలు తీసి ఆ ఆకును వారికే ఇచ్చిన చోట తగాదాలు లేకపోవడం మేము గమనించాము. వాన వచ్చేలోగా తీసిన కొమ్మకు చిగురు కూడా బాగా వస్తుంది.

మన సంఘాలలో సెంటు భూమి లేని సభ్యులు ఎంతోమంది ఉన్నారు. వారి గేదెలకు ఆకు రోడ్డు పక్క చెట్ల నుంచి, ఇతరుల గట్ల నుంచి రావలసిందే. అనుమతి లేకుండా రాత్రి పూట తొందరలో కొట్టిన కొమ్మే అన్నిటికంటే అధ్వానంగా కొట్టబడుతుంది. దొంగతనం అనే మాట పడేది వారు, చచ్చేది చెట్టు. అడవి శాఖ భూమిలో అయితే కేసు కూడా. దీనికి బదులు గట్టు ఉన్న రైతు, మేత అవసరమున్న సభ్యుడు సంఘం సమక్షంలో మాట్లాడుకోవచ్చు. కొమ్మ తీసే శ్రమ ఒకరిది, ఆకు సగం, పుల్ల సగం. పంచాయతీ ఒప్పుకుంటే ఊరి పోరంబోకులో సంఘం పేరు మీద మేత చెట్లు వేసి, భూమి లేని సభ్యులకు వంతుల వారీగా ఇవ్వవచ్చు. చెరువు కట్ట మీద మాత్రం వద్దు, వేళ్లు కట్టను బలహీనపరుస్తాయి.

ఈ జూన్‌లో కొత్తగా వేయదలచినవారికి చివరిగా ఒక మాట. గ్లిరిసిడియాను కొమ్మ నాటి పెంచవచ్చు, బొటనవేలి కంటే లావున్న, మూడు అడుగుల ముదురు కొమ్మను తొలి వానలకు అడుగు లోతున నాటితే నాటుకుంటుంది. నీరు తక్కువైన మెట్టలో అయితే గింజ మొక్కలే వేయండి, వాటి వేళ్లు లోతుకు పోతాయి. సుబాబుల్ గింజను మరిగి దించిన నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, తీసి రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి వేయాలి, లేకపోతే ఆ గట్టి పొట్టుతో మొలక ఆలస్యమవుతుంది. మొదటి ఏడాది ఒక్క ఆకు కూడా కోయవద్దు. రెండు వేసవుల దాకా మేకల నోటికి అందకుండా ముళ్లకంప కట్టాలి. ఆ కంప మీ తుమ్మ చెట్ల కొమ్మలు తీసినప్పుడు వచ్చినదే సరిపోతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.